అద్దె ఇళ్లలో వంటగ్యాస్ భద్రత: గుమ్మలక్ష్మీపురం ప్రాంతం

అద్దె ఇంటి వంటగదిలో గది ఒకరిది, గ్యాస్ బండ మరొకరిది, పొయ్యి ఇంకొకరిది. గోడలూ కిటికీ ఇంటి యజమానివి. బండా, దాని మీద బిగించే రెగ్యులేటరూ డిపాజిట్ కట్టించుకుని వాడుకకు ఇచ్చిన చమురు కంపెనీవి. పొయ్యి అద్దెకు దిగినవాళ్లు కొనుక్కున్నది. మన దేశంలో బండకు ఒక నిబంధనావళి, పొయ్యికి ఒక ప్రమాణం, ఇంటికి ఒక చట్టం విడివిడిగా ఉన్నాయి. ఈ మూడూ కలిసే అద్దె వంటగది కోసం ప్రత్యేకంగా రాసిన చట్టమంటూ లేదు. అందుకే ఎక్కడెక్కడి నియమాలనో ఏరి, ఏది ఎవరి బాధ్యతో తేల్చుకోవాల్సి వస్తుంది. పార్వతీపురం మన్యం జిల్లాలోని గుమ్మలక్ష్మీపురం మండలాన్ని దృష్టిలో పెట్టుకుని ఆ నియమాలను వివరించడం ఈ వ్యాసం పని.

ఊరు, అద్దె గదులు

గుమ్మలక్ష్మీపురం తూర్పు కనుమల్లో ఒడిశా సరిహద్దున ఉన్న ఏజెన్సీ మండలం. విజయనగరం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. జాతాపులు, సవరలు ఇక్కడి ప్రధాన గిరిజన తెగలు. కొండ మీది గూడేల్లో ఎవరి ఇల్లు వారిదే, అద్దె మాట అరుదు. అద్దె గదులు కనిపించేది మండల కేంద్రంలో, ఎల్విన్‌పేట, భద్రగిరి వంటి రోడ్డు పక్క ఊళ్లలో. బదిలీ మీద వచ్చిన ఉపాధ్యాయులు, ఆసుపత్రి నర్సులు, 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక పెరిగిన ఉద్యోగులు, పిల్లల చదువు కోసం కొండ దిగివచ్చిన కుటుంబాలు వీటిలో ఉంటారు. చాలాచోట్ల అద్దెకిచ్చేది ఒకే గది. పడకా, వంటా, దేవుడి గూడూ అందులోనే.

మైదాన ప్రాంతపు అద్దెలకు లేని చిక్కు ఒకటి ఇక్కడ ఉంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచే ఆ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తి గిరిజనేతరుల చేతికి వెళ్లకుండా కాపాడుతుంది. అందులో బదలాయింపు అనే మాటకిచ్చిన నిర్వచనంలో అమ్మకం, తనఖాలతో పాటు లీజు కూడా ఉంది. అంటే మైదానం నుంచి వచ్చిన ఉద్యోగికీ ఇంటి యజమానికీ మధ్య అద్దె ఒప్పందం కాగితం మీద పెట్టుకోవడం అంత తేలిక కాదు. గిరిజనుల భూమికి ఈ చట్టం పెట్టని కోట. దాని అవసరం ఇవాళ కూడా తగ్గలేదు. అయితే కాగితం లేని అద్దె గ్యాస్ ఏజెన్సీ పుస్తకంలో చిరునామాగా మారడం కష్టం. ఆ చిరునామా మీద ఏమేం ఆధారపడి ఉన్నాయో తర్వాత చూద్దాం.

కట్టెల నుంచి గ్యాస్‌కు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2016 మే 1న కేంద్రం ఉజ్వల పథకాన్ని ప్రారంభించింది. 2021 ఆగస్టులో వచ్చిన దాని రెండో విడతలో వలస కుటుంబాలు చిరునామా పత్రం బదులు స్వీయ ధ్రువీకరణ ఇస్తే చాలన్నారు. అద్దెకుండే పేదవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు. ఏటా మూడు బండలు ఉచితంగా ఇచ్చే దీపం-2ను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ప్రారంభించింది. కొండ ప్రాంతాలకు సరఫరా చేసేందుకు చమురు కంపెనీలు ‘దుర్గమ క్షేత్రీయ వితరక్’ పేరుతో ప్రత్యేక డీలర్‌షిప్‌లు కూడా పెట్టాయి.

గ్యాస్ వచ్చినా కట్టెల పొయ్యి పోలేదు. అడవి పక్కన కట్టెలకు డబ్బు పెట్టక్కర్లేదు. నిండిన బండ బరువు దాదాపు 30 కిలోలు, రోడ్డు లేని చోటికి దాన్ని మోసుకెళ్లాలి. అందుకని టీకీ పిల్లల టిఫిన్‌కీ గ్యాసు, అన్నానికీ నీళ్లకీ కట్టెలు అన్న పద్ధతి చాలా ఇళ్లలో నడుస్తోంది. ఆ ఇల్లాళ్లది కాలం, ఖర్చు చూసుకుని వేసుకున్న సరైన లెక్కే. ప్రమాదమల్లా రెండు పొయ్యిలూ ఒకే గదిలో ఉన్నప్పుడే.

నియమాల మూలాలు

బండ తయారీ, నింపడం, పరీక్ష, నిల్వ 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద వచ్చిన గ్యాస్ సిలిండర్ల నిబంధనలు, 2016 పరిధిలోకి వస్తాయి. నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెసో సంస్థ వాటిని అమలు చేస్తుంది. ఎవరికి కనెక్షన్ ఇవ్వాలి, ఎలా వాడాలి అన్నది 1955 నిత్యావసర సరుకుల చట్టం కింద 2000లో వెలువడ్డ ఎల్‌పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. ఒకే వంటగదిని పంచుకునే కుటుంబం ఈ ఉత్తర్వు దృష్టిలో ఒక యూనిట్. పొయ్యికి ఐ.ఎస్. 4246, గొట్టానికి ఐ.ఎస్. 9573, గ్యాస్ గీజరుకు ఐ.ఎస్. 15558 భారత ప్రమాణాలు. వస్తువు మీద ఐఎస్ఐ ముద్రతో పాటు ఈ అంకె కనబడాలి.

అద్దె చట్టాలు గ్యాస్ దాకా రాలేదు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో మరమ్మతుల పంపకం పట్టిక ఉంది. గోడల వంటి కట్టడపు మరమ్మతులు, సున్నం, రంగులు, నీళ్ల పైపులు, కరెంటు వైరింగు యజమానివి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు, వంటగది అమరికలు అద్దెదారువి. గ్యాస్ అన్న మాట ఆ పట్టికలో లేదు. అయినా దాన్ని ఆధారం చేసుకుని ఒక సబబైన గీత గీయవచ్చు: గోడలో భాగమైనది యజమాని చూసుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు పట్టుకుపోయేది అద్దెదారు చూసుకోవాలి. కిటికీ, వంటగట్టు, తూము మొదటి లెక్కలోకి. పొయ్యి, గొట్టం రెండో లెక్కలోకి వస్తాయి.

గది

వంటగ్యాస్ గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నీళ్లలా నేల మీద పరుచుకుంటుంది. బండలో ద్రవంగా ఉన్నది ఆవిరైతే సుమారు 250 రెట్లు విస్తరిస్తుంది. గది గాలిలో 2 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది. దానికి స్వతహాగా వాసన లేదు. మనకు తెలిసే ఆ కుళ్లు వాసన కోసం ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు.

ఈ ఒక్క గుణం, బరువు, తెలిస్తే ఇంటి తీరును చూసే కన్నే మారుతుంది. మన ఇళ్లకు గడప ఉంటుంది. పసుపు రాసి బొట్టు పెట్టే ఆ గడపే లీకైన గ్యాస్‌కు ఆనకట్ట అవుతుంది. కిటికీ ఎంత పెద్దదైనా నడుము ఎత్తున ఉంటుంది కాబట్టి నేల మీది గ్యాస్ దానిలోంచి తొందరగా బయటపడదు. పాత ఇళ్ల వంటగదిలో కడిగిన నీళ్లు పోవడానికి గోడ అడుగున తూము పెట్టేవారు. ఆ తూమే గ్యాస్ బయటికి పోయే దారి. అడవి పక్క ఊళ్లలో ఎలుకలు, పాములు వస్తాయన్న భయంతో దానిలో గుడ్డ కుక్కుతారు. ఆ భయం నిజమైనదే. గుడ్డకు బదులు ఇనుప జాలీ బిగిస్తే భయమూ తీరుతుంది, దారీ మూసుకుపోదు. తూము లేని కొత్త గదిలో తలుపు అడుగున రెండు వేళ్ల సందు ఉంచడం, బయటి గోడకు నేలబారున చిన్న జాలీ పెట్టడం యజమాని చేయాల్సిన పనులు.

కిటికీ అవసరం ఇంకో వైపు నుంచి వస్తుంది. మంట ప్రాణవాయువును తినేస్తుంది. అది చాలనప్పుడు రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. 2016 జాతీయ భవన నియమావళి వంటగదికి కనీసం 1 చదరపు మీటరు కిటికీ బయటి గాలికి తెరుచుకునేలా ఉండాలంటుంది. ఒంటి గది అద్దెల్లో చలికాలం రాత్రి కిటికీ మూసి, నిప్పుల కుంపటి లోపల పెట్టుకునే అలవాటు మన్యంలో ఉంది. ఆ గదిలోనే గ్యాస్ బండ ఉంటే రెండు ప్రమాదాలు ఒకచోట చేరినట్టే: కుంపటి పొగ నిద్రలోనే ప్రాణం తీయగలదు, బండ ఏమాత్రం లీకైనా కుంపటిలో నిప్పు దాని కోసం సిద్ధంగా ఉంటుంది. స్నానాల గదిలో గ్యాస్ గీజరు బిగించడం కూడా అంతే ప్రమాదకరం. అద్దె గది చూసేటప్పుడు స్నానాల గది లోపల గీజరు కనబడితే దాన్ని బయటి గోడకు మార్చమని అడగడానికి మొహమాటపడకూడదు.

పొయ్యి ఎప్పుడూ బండ కన్నా ఎత్తులో ఉండాలి. 14.2 కిలోల బండ ఎత్తు రెండడుగుల పైమాటే. వంటగట్టు లేని గదిలో పీట వేసుకుని నేల మీదే పొయ్యి పెట్టి వండుతారు. అలా చేస్తే మంట, నేలకు దిగే గ్యాస్ ఒకే మట్టానికి వస్తాయి. గోడకు రెండు ఇటుక కాళ్లు కట్టి పైన నాపరాయి పరిస్తే గట్టు తయారవుతుంది. అద్దెకిచ్చే ముందు ఇంటి యజమాని పెట్టగల ఖర్చుల్లో ఇంతకన్నా విలువైనది మరొకటి కనబడదు. కట్టెల పొయ్యి బయట వసారాలోనే ఉండాలి. దేవుడి గూడు వంటగదిలోనే ఉంటే, బండ మార్చే ముందు దీపం కొండెక్కిందో లేదో చూసుకోవాలి.

బండ, రెగ్యులేటర్, గొట్టం

బండ నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. మూసిన అల్మరాలో, మంచం కింద పెట్టకూడదు. చలికి మంట తగ్గిందని బండను వేడినీళ్లలో నిలబెట్టడం, నిప్పు సెగ చూపడం పూర్తిగా నిషిద్ధం.

బండ పైన పిడిని మోసే ఇనుప పట్టీల లోపలి వైపు ఒక అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. తర్వాతి పరీక్షకు గడువు అది. ఏ అంటే జనవరి–మార్చి, బి ఏప్రిల్–జూన్, సి జూలై–సెప్టెంబర్, డి అక్టోబర్–డిసెంబర్. బి-27 అని ఉంటే 2027 జూన్ వరకు ఆ బండ వాడుకకు పనికొస్తుంది. గడువు దాటినదాన్ని తిప్పి పంపే హక్కు వినియోగదారుడికి ఉంది. తెచ్చినవారి చేతే తూకం వేయించుకోవచ్చు, లీకు చూపించుకోవచ్చు. మూత తీశాక వాల్వు లోపల నల్లటి రబ్బరు రింగు ఉందో లేదో చూడాలి. ఆ నైలాన్ మూతను దారంతో బండకే వేలాడదీసి ఉంచాలి. ఎప్పుడైనా లీకైతే రెగ్యులేటర్ తీసి దాన్ని బిగిస్తేనే గ్యాస్ ఆగుతుంది.

రెగ్యులేటర్ బండలోని ఒత్తిడిని చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములకు దించి పొయ్యికి పంపుతుంది. అది కనెక్షన్‌తో పాటు ఏజెన్సీ ఇచ్చేదే అయి ఉండాలి. పాడైతే ఏజెన్సీలో మార్చుకోవాలే తప్ప బజారులో దొరికే చవకరకం కొనకూడదు. విందు వంటలకు వాడే ఎక్కువ ఒత్తిడి రెగ్యులేటర్ ఇంటి పొయ్యికి పనికిరాదు.

గొట్టం విషయంలో నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి. లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్షా గొట్టం అయిదేళ్లు మన్నుతుంది. తయారీ సంవత్సరం దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. పొడవు ఒకటిన్నర మీటర్లు మించకూడదు. రెండు ముక్కలు అతికించకూడదు. గోడకు కన్నం పెట్టి పక్క గదిలోకి లాగకూడదు. బండ ఒక గదిలో, పొయ్యి మరో గదిలో ఉంటే గోడలో ఉన్న భాగం చీలినా కంటికి కనబడదు. జిడ్డు పట్టిందని పైన గుడ్డ చుడితే పగుళ్లు దాక్కుంటాయి. ధాన్యం నిల్వ ఉండే ఇళ్లలో ఎలుకల బెడద ఎక్కువ, మామూలు రబ్బరు గొట్టం వాటికి ఒక్క రాత్రి పని. పరీక్ష తేలిక: సబ్బు నురగ పూస్తే లీకున్న చోట బుడగలు వస్తాయి. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు ఇంకా ఉన్న ఇళ్లున్నాయి; ఆ పని ఎన్నడూ చేయకూడదు.

కనెక్షన్ దొరకని కుర్రాళ్ల గదుల్లో చిన్న బండల వాడకం ఎక్కువ. పెద్ద బండలోంచి చిన్నదానిలోకి గ్యాస్ ఒంపించుకోవడం చట్టరీత్యా నేరం. ఒంపుతున్నప్పుడు కారే గ్యాస్, తూకం లేకుండా నిండా నింపడం, వాల్వు పరీక్ష లేని బండ, మూడూ కలిస్తే గదిలో పడుకున్నవాళ్లకు రక్షణ ఉండదు. దీనికి సక్రమమైన దారి ఉంది. 2013 నుంచి చమురు కంపెనీలు 5 కిలోల బండను చిరునామా పత్రం అడగకుండా, గుర్తింపు కార్డు చూసి, మార్కెట్ ధరకు అమ్ముతున్నాయి. ఇండేన్ దానికి ‘ఛోటూ’ అని పేరు పెట్టింది. సబ్సిడీ లేకపోవడంతో ఖరీదు ఎక్కువే. ఆరునెలలకో ఏడాదికో బదిలీ అయ్యే మనిషికి మాత్రం అది సరిపోతుంది.

చిరునామా, బీమా

చమురు కంపెనీలు తమ ఖర్చుతో ప్రజా బాధ్యత బీమా తీసుకుంటాయి. గ్యాస్ కారణంగానే ప్రమాదం జరిగితే మరణానికి మనిషికి 6 లక్షల రూపాయలు, వైద్యానికి మనిషికి 2 లక్షల చొప్పున ఒక ప్రమాదానికి 30 లక్షల వరకు, ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు పరిహారం ఉంటుంది. వినియోగదారుడు పైసా ప్రీమియం కట్టక్కర్లేదు.

ఆస్తి నష్టం పరిహారానికి ఒక షరతు ఉంది: ప్రమాదం ఏజెన్సీ పుస్తకంలో నమోదైన చిరునామాలో జరిగి ఉండాలి. శ్రీకాకుళంలో తల్లిదండ్రుల ఇంటి పేరున ఉన్న కనెక్షన్ బండను బస్సు సామాన్ల మధ్య గుమ్మలక్ష్మీపురం తెచ్చుకుంటే, ఇక్కడి గది కాలినప్పుడు ఆ షరతు అడ్డం వస్తుంది. కాలిపోయిన కప్పు యజమానిది. అందువల్ల గ్యాస్ పుస్తకంలో తన ఇంటి చిరునామా ఉందో లేదో చూడటం అద్దెదారు కన్నా యజమానికే ఎక్కువ అవసరం. అడ్వాన్సు తీసుకునే రోజున కరెంటు మీటరు రీడింగు రాసుకున్నట్టే, ఇదీ అడగాలి. అద్దె ఒప్పందం కుదరని చోట ఉద్యోగం ఇచ్చిన కార్యాలయపు ధ్రువీకరణ వంటి పత్రాలతో చిరునామా మార్పు ప్రయత్నించవచ్చు. గదిలో జరిగిన ప్రమాదాన్ని వెంటనే రాతపూర్వకంగా ఏజెన్సీకి తెలపాలి. అక్కడి నుంచే కాగితం కంపెనీకీ బీమా సంస్థకూ వెళుతుంది. గొట్టం, పొయ్యి ఐఎస్ఐవేనా, అయిదేళ్లకోసారి చేయించాల్సిన తప్పనిసరి తనిఖీ జరిగిందా అన్న ప్రశ్నలు అప్పుడు వస్తాయి. తనిఖీకి మెకానిక్ వచ్చిన రోజున ఇంటికి తాళం ఉండటం ఉద్యోగుల గదుల్లో మామూలు. యజమాని ఇంట్లో ఉంటే తానైనా తాళం తీసి చూపించే ఏర్పాటు ముందే చేసుకోవచ్చు.

బ్రిటన్ పద్ధతి

అద్దె ఇంటి గ్యాస్‌కు నేరుగా చట్టం చేసిన దేశాల్లో బ్రిటన్ చెప్పుకోదగ్గది. అక్కడి 1998 గ్యాస్ భద్రతా నిబంధనల ప్రకారం యజమాని తాను సమకూర్చిన గ్యాస్ పరికరాలను 12 నెలలకోసారి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన ఇంజనీరు చేత పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష పత్రం నకలు 28 రోజుల్లో అద్దెదారుకు ఇవ్వాలి. కొత్తగా దిగేవారికైతే దిగకముందే ఇవ్వాలి. చదువుకోవడానికి వెళ్లిన తెలుగు పిల్లలు గది తీసుకునేటప్పుడు ఈ పత్రం అడిగి తీసుకోవడం వాళ్ల హక్కు. అద్దెదారు సొంతంగా తెచ్చుకున్న పొయ్యి అక్కడ కూడా యజమాని బాధ్యత కాదు. గొట్టాల్లో గ్యాస్ వచ్చే దేశం కాబట్టి ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు మన్యానికి తేలేం. హైదరాబాద్, విజయవాడల్లో పైపు గ్యాస్ వచ్చిన అపార్టుమెంట్లకు మాత్రం అది చక్కగా నప్పుతుంది. మనకు పనికొచ్చేది అందులోని ఆ ఒక్క కాగితం: దిగేముందు గది తనిఖీ, ఇద్దరి సంతకం.

వాసన వచ్చినప్పుడు

ముందు రెగ్యులేటర్ ఆపాలి. వెలుగుతున్న మంటలన్నీ ఆర్పాలి. స్విచ్చు వేయకూడదు, వేసి ఉన్నది తీయకూడదు. రెండిట్లోనూ నిప్పురవ్వ పుడుతుంది. తలుపులూ కిటికీలూ తెరిచి, చాపతోనో చీపురుతోనో గ్యాస్‌ను గడప దాటించాలి. రెగ్యులేటర్ తీసి నైలాన్ మూత బిగించి, వీలైతే బండను ఆరుబయట పెట్టాలి. ఫోను బయటికి వచ్చాకే చేయాలి. 2016 జనవరి నుంచి దేశమంతటా 1906 నంబరు గ్యాస్ లీకుల కోసం రాత్రింబవళ్లు పనిచేస్తోంది. మంట అంటుకుంటే 101, కాలిన గాయాలకు 108. గాయం మీద చల్లటి నీళ్లు ధారగా పోయాలి. అగ్నిమాపక బండి ఘాట్ దారిలో వచ్చేలోగా సాయపడేది పక్క పోర్షన్ వాళ్లే కాబట్టి, బండ ఎక్కడుందో వాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

ఖాళీ చేసేటప్పుడు

వేరే ఊరికి బదిలీ అయితే బండ, రెగ్యులేటర్ ఏజెన్సీకి తిరిగి ఇచ్చి కనెక్షన్ మార్పు కాగితం, డిపాజిట్ తీసుకోవాలి. కొత్త ఊళ్లో ఆ కాగితం చూపితే వేరే బండ ఇస్తారు. పొయ్యి, గొట్టం మాత్రమే వెంట పోతాయి. ఈ పని చేయకుండా బండను తర్వాత వచ్చేవాళ్లకు అమ్మేసి వెళ్లడం మన్యంలోనే కాదు, అన్ని బదిలీ ఊళ్లలోనూ ఉంది. కొన్నవాళ్ల పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. తనిఖీ మెకానిక్ రాడు, బీమా వర్తించదు, కబురు వెళ్లిపోయిన మనిషి ఫోనుకు పోతుంది. చాలామంది గొట్టాన్ని మేకుకు అలాగే వేలాడదీసి పోతారు. కొత్తగా దిగినవాళ్లు బాగానే ఉంది కదా అని దాన్నే బిగించుకుంటారు. దాని మీద అచ్చయిన సంవత్సరం మసి కింద ఉంటుంది. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే కనబడుతుంది.